బర్న్‌సైడ్ వలయం, అందులోని యూనిట్లు

1. పరిచయం

పూర్ణాంకాల వలయంలో ఏ సంఖ్యకు గుణకార విలోమం ఆ వలయంలోనే దొరుకుతుంది? 2కి దొరకదు, ఎందుకంటే సగం పూర్ణాంకం కాదు. 1కి, −1కి మాత్రమే దొరుకుతుంది. ఇలా గుణకార విలోమం ఉన్న మూలకాన్ని యూనిట్ అంటారని వలయాల పాఠంలో చదువుకున్నారు. (దూరవిద్య పుస్తకాల్లో పాఠాన్ని కూడా యూనిట్ అనడం మామూలే. ఇక్కడ ఆ మాట ఎక్కడ వచ్చినా వలయంలోని మూలకం అనే అర్థం చేసుకోండి.) క్షేత్రంలో సున్న తప్ప అన్నీ యూనిట్లే. గాసియన్ పూర్ణాంకాల వలయంలో నాలుగు ఉన్నాయి. కొత్త వలయం ఏది ఎదురైనా అందులో యూనిట్లు ఏవి అని మొదటే అడిగి చూడటం మంచి అలవాటు. ఆ వలయం స్వభావం చాలావరకు ఆ సమాధానంలోనే బయటపడుతుంది.

ఈ పాఠంలో చూడబోయే వలయాన్ని సంఖ్యలతోనో, బహుపదులతోనో, మాత్రికలతోనో కట్టలేదు. ఒక పరిమిత సమూహం పరిమిత సమితుల మీద ఎన్ని రకాలుగా క్రియ జరపగలదో ఆ రకాలనే కూడి, గుణించి కట్టారు. దీని పేరు బర్న్‌సైడ్ వలయం. అందులో 1, −1 ఎలాగూ యూనిట్లే. ఇంకేమైనా ఉన్నాయా అన్నదే మన ప్రశ్న. రెండు మూలకాల సమూహానికి దీని సమాధానం ఐదు నిమిషాల్లో వస్తుంది. బేసి పరిమాణం గల సమూహాలన్నిటికీ కలిపి ఇదే ప్రశ్న వేస్తే మాత్రం, 1963లో 255 పేజీల నిరూపణతో తేలిన ఒక సిద్ధాంతం దగ్గరికి వెళ్లి నిలబడతాం. ఆ దారిని అంచెలంచెలుగా చూద్దాం.

ఉపసమూహం, సహసమితి, అభిలంబ ఉపసమూహం, లెగ్రాంజ్ సిద్ధాంతం మీకు తెలిసినవేనని అనుకుంటున్నాను. కాగితం, పెన్సిల్ పక్కన పెట్టుకోండి. ఈ పాఠం లెక్క చేస్తూ చదవాల్సింది.

2. సమితులను కూడటం, గుణించడం

గ ఒక పరిమిత సమూహం, స ఒక పరిమిత సమితి అనుకోండి. గ లోని ప్రతి మూలకమూ స లోని బిందువులను తమలో తాము తారుమారు చేస్తుంది. తత్సమ మూలకం దేనినీ కదపదు. రెండు మూలకాలను వరసగా ప్రయోగించినా, వాటి లబ్ధాన్ని ఒకేసారి ప్రయోగించినా ఫలితం ఒకటే. ఇలా ఉన్నప్పుడు గ సమూహం స మీద క్రియ జరుపుతోంది అంటాం. అలాంటి సమితిని క్లుప్తంగా గ-సమితి అందాం. రెండు గ-సమితుల మధ్య క్రియకు భంగం రాని ద్విగుణ ప్రమేయం ఉంటే వాటిని ఒకటిగానే లెక్కిస్తాం. బిందువుల పేర్లు మనకు ముఖ్యం కాదు, అవి కదిలే తీరే ముఖ్యం.

రెండు గ-సమితులను పక్కపక్కన పెడితే (ఉమ్మడి బిందువులు లేకుండా సమ్మేళనం చేస్తే) మరో గ-సమితి వస్తుంది. దాన్ని వాటి మొత్తం అందాం. ఒక బిందువు దీని నుంచి, ఒక బిందువు దాని నుంచి తీసుకుని జతలు కట్టి, జతలోని రెండింటినీ ఒకేసారి కదిపితే కార్టీజియన్ లబ్ధం వస్తుంది. అది వాటి లబ్ధం. శూన్యసమితి సున్నగా, కదలని ఒకే ఒక్క బిందువున్న సమితి 1గా పనిచేస్తాయి. వితరణ న్యాయం వర్తిస్తుందని మీరే సరిచూసుకోగలరు.

ప్రతి గ-సమితీ కక్ష్యలుగా విడిపోతుంది. ఒక కక్ష్యలో ఒక బిందువును తీసుకుని, దాన్ని కదపని మూలకాలన్నీ కలిసిన ఉపసమూహం హ అనుకుంటే, ఆ కక్ష్య అచ్చంగా సహసమితుల సమితి గ/హ లాగే ప్రవర్తిస్తుంది. అదే కక్ష్యలో మరో బిందువును తీసుకుంటే హ కి బదులు దాని సంయుగ్మ ఉపసమూహం వస్తుంది. కాబట్టి ఉపసమూహాల సంయుగ్మ తరగతులు ఎన్నో, కక్ష్యల రకాలు అన్ని. ఏ గ-సమితినైనా 'ఈ రకం కక్ష్యలు ఇన్ని' అని చెప్పేస్తే ఇక చెప్పాల్సింది మిగలదు.

తీసివేత సంగతి ఏమిటి? మూడు బిందువుల సమితిలోంచి ఐదు బిందువుల సమితిని తీసేయడం కుదరదు. సహజ సంఖ్యల నుంచి పూర్ణాంకాలను తయారుచేసినప్పుడు కూడా ఇదే చిక్కు వచ్చింది. అప్పును ఖాతాలో రాసుకున్నట్లు అక్కడ ఋణ సంఖ్యలను చేర్చుకున్నాం. ఇక్కడా అంతే. కక్ష్యల సంఖ్యలు ఋణ పూర్ణాంకాలు కావచ్చునని ఒప్పుకుంటాం. అలా వచ్చిన వినిమయ వలయమే గ యొక్క బర్న్‌సైడ్ వలయం. దీన్ని బ(గ) అని రాద్దాం.

3. మార్కులు

బ(గ) లో గుణకారం చేయడం కొంచెం విసుగు పని. ప్రతిసారీ జతలు రాసి కక్ష్యలు విడదీయాలి. ఈ శ్రమ తప్పించే ఉపాయాన్ని విలియం బర్న్‌సైడ్ (1852–1927) పరిమిత సమూహాల మీద రాసిన పుస్తకం రెండో ముద్రణలో, 1911లో, పెట్టాడు. ఒక ఉపసమూహం హ లోని మూలకాలు ఏవీ కదపని బిందువులు స లో ఎన్ని ఉన్నాయో లెక్కించండి. ఆ సంఖ్యను హ దగ్గర స కి వచ్చిన మార్కు అన్నాడాయన. నిజంగానే మార్కు అన్న మాటే వాడాడు. ఒక్కొక్క ఉపసమూహం ఒక్కొక్క సబ్జెక్టు అనుకుంటే ప్రతి గ-సమితికీ ఒక మార్కుల జాబితా తయారవుతుంది.

ఈ జాబితాలో మెచ్చుకోదగ్గ గుణం ఒకటుంది. రెండు సమితులను కూడితే మార్కులు కూడుకుంటాయి, గుణిస్తే మార్కులు గుణించుకుంటాయి. (జతలో రెండూ కదలకపోతేనే జత కదలదు, అందుకని.) తీసివేతకూ ఇదే వర్తిస్తుంది. అంటే మార్కు అనేది బ(గ) నుంచి పూర్ణాంకాలకు వలయ సమరూపత.

అంతకన్నా ముఖ్యమైనది ఇది: మార్కులన్నీ తెలిస్తే మూలకం తెలిసిపోతుంది. దీని నిరూపణ చిన్నదే. అన్ని మార్కులూ సున్న అయినా తాను సున్న కాని మూలకం ఉందనుకోండి. దాన్ని కక్ష్యల మొత్తంగా రాసినప్పుడు గుణకం సున్న కాని గ/హ లలో హ పరిమాణం అన్నిటికన్నా పెద్దదిగా ఉన్న ఒకదాన్ని ఎంచుకోండి. గ/క లో హ కదపని బిందువు ఉండాలంటే హ యొక్క ఒక సంయుగ్మం క లో ఇమడాలి. హ కన్నా పెద్దవి లేవు కనుక, హ దగ్గర మార్కు తెచ్చిపెట్టేది గ/హ ఒక్కటే. అది తెచ్చే మార్కు సున్న కాదు. ఇది వైరుధ్యం.

4. యూనిట్‌ను గుర్తుపట్టడం

బ(గ) లో య ఒక యూనిట్ అయితే, ప్రతి ఉపసమూహం దగ్గరా దాని మార్కు పూర్ణాంకాలలో యూనిట్ కావాలి, అంటే 1 గానీ −1 గానీ. ఇది ఒక దిశ. రెండో దిశ మరీ సులువు. అన్ని మార్కులూ 1 లేదా −1 అయితే, య² మార్కులన్నీ 1. మార్కులు మూలకాన్ని నిర్ణయిస్తాయి కనుక య² = 1. కాబట్టి య కి విలోమం య నే.

ఈ నాలుగు వాక్యాల నుంచి వచ్చేది తక్కువేమీ కాదు. బర్న్‌సైడ్ వలయంలో ప్రతి యూనిట్ వర్గమూ 1. యూనిట్లు పరిమితం, వాటి సంఖ్య ఎప్పుడూ 2 యొక్క ఘాతం. ఇక మిగిలిన పని ఒకటే: 1, −1 లతో రాయగల మార్కుల జాబితాల్లో ఏవి నిజంగా బ(గ) లోని మూలకాల నుంచి వస్తాయో తేల్చడం. ఏ జాబితా పడితే అది రాదు. ఎందుకో రెండు ఉదాహరణల్లో చూద్దాం.

మొదట రెండు మూలకాల సమూహం. దానికి ఉపసమూహాలు రెండే, కాబట్టి కక్ష్యలూ రెండు రకాలే: కదలని బిందువు 1, ఒకదాని స్థానంలోకి ఒకటి మారే రెండు బిందువుల జంట ట. ట × ట లో నాలుగు బిందువులు ఉంటాయి. ఏదీ స్థిరం కాదు కనుక ట² = 2ట. సాధారణ మూలకం అ + ఇ·ట. (ఇక్కడ అ, ఇ పూర్ణాంకాలు.) పూర్తి సమూహం దగ్గర దీని మార్కు అ, తత్సమ ఉపసమూహం దగ్గర అ + 2ఇ. రెండూ 1 లేదా −1 కావాలి. అ = 1 అయితే ఇ = 0 లేదా −1. అ = −1 అయితే ఇ = 0 లేదా 1. కాబట్టి యూనిట్లు నాలుగు: 1, −1, 1 − ట, ట − 1. సరిచూడండి: (1 − ట)² = 1 − 2ట + 2ట = 1.

ఇప్పుడు మూడు మూలకాల సమూహం. ఇక్కడ ట అంటే చక్రంలా తిరిగే మూడు బిందువులు, మార్కులు అ, అ + 3ఇ. రెండూ 1 లేదా −1 అయితే వాటి తేడా 0, 2, −2 లలో ఒకటి. అది 3ఇ కూడా కావాలి. 3తో భాగించబడేది 0 ఒక్కటే. కాబట్టి ఇ = 0, యూనిట్లు 1, −1 మాత్రమే.

ఈ రెండు ఉదాహరణల తేడాను మనసులో ఉంచుకోండి. 1 కి, −1 కి మధ్య దూరం 2. ఆ దూరాన్ని సరి సంఖ్య దాటనిస్తుంది, బేసి ప్రధాన సంఖ్య దాటనివ్వదు. చివరి భాగంలో పెద్ద సిద్ధాంతం దగ్గరికి తీసుకెళ్లేది ఈ చిన్న తేడానే.

5. త్రిభుజ సమూహం

సమబాహు త్రిభుజం సౌష్ఠవాల సమూహంలో ఆరు మూలకాలు ఉన్నాయి: తత్సమం, రెండు భ్రమణాలు, మూడు అద్దాలు (పరావర్తనాలు). ఉపసమూహాల సంయుగ్మ తరగతులు నాలుగు, కాబట్టి కక్ష్యలు నాలుగు రకాలు. కదలని బిందువు 1. త్రిభుజం రెండు ముఖాలు, బొమ్మా బొరుసూ లాగా, ద. (భ్రమణాలు వీటిని కదపవు, అద్దాలు మార్చేస్తాయి.) మూడు శీర్షాలు త. సమూహం తన మీద తానే జరిపే క్రియ, అంటే ఆరు బిందువులది, ష. వీటి మార్కులను తత్సమ ఉపసమూహం, ఒక అద్దం, భ్రమణాలు, పూర్తి సమూహం అనే వరసలో రాస్తే:

ష : 6, 0, 0, 0
త : 3, 1, 0, 0
ద : 2, 0, 2, 0
1 : 1, 1, 1, 1

సాధారణ మూలకం అ + ఇ·ద + ఉ·త + ఎ·ష. పూర్తి సమూహం దగ్గర మార్కు అ, భ్రమణాల దగ్గర అ + 2ఇ, అద్దం దగ్గర అ + ఉ, తత్సమం దగ్గర అ + 2ఇ + 3ఉ + 6ఎ. అ = 1 తీసుకుందాం (మిగిలినవి వీటికి −1 గుణకారాలే). ఇ కి 0, −1 అనే రెండు విలువలు, ఉ కి 0, −2 అనే రెండు విలువలు వీలవుతాయి. ఈ నాలుగు కలయికల్లో ప్రతిదానికీ చివరి మార్కును 1 లేదా −1 చేసే ఎ ఒక్కటే దొరుకుతుంది: ఉ = 0 అయితే ఎ = 0, ఉ = −2 అయితే ఎ = 1. కాబట్టి మొత్తం యూనిట్లు ఎనిమిది. వాటిలో కొత్తగా కనిపించేది

య = 1 − 2త + ష.

మార్కులు నమ్మకుండా నేరుగా వర్గం చేసి చూడండి. త × త లో తొమ్మిది జతలు. ఒకే శీర్షం రెండుసార్లు వచ్చే మూడు జతలు త లాగే కదులుతాయి. వేర్వేరు శీర్షాల ఆరు జతలు ష లాగా. కాబట్టి త² = త + ష. అలాగే త·ష = 3ష, ష² = 6ష. అప్పుడు య² = 1 + 4(త + ష) + 6ష − 4త + 2ష − 12ష = 1.

6. వృత్తం చెప్పిన మాట

లెక్క కుదిరింది. కానీ 1 − 2త + ష అనే ఈ కలయిక ఎక్కడిది, త ముందు 2 ఎందుకు? సమీకరణాలు సాధిస్తే వచ్చింది అనడం నిజమే అయినా అది వివరణ కాదు. అసలు కారణం జ్యామితిలో ఉంది. ఈ పాఠంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం కూడా ఇదే.

త్రిభుజం చుట్టూ పరివృత్తం గీయండి. మూడు అద్దాల రేఖలనూ పొడిగిస్తే అవి వృత్తాన్ని ఆరు చోట్ల ఖండిస్తాయి. అందులో మూడు త్రిభుజ శీర్షాలు, ఇంకో మూడు వాటికి సరిగ్గా ఎదుటి బిందువులు. మొదటి మూడూ ఒక త, రెండో మూడూ మరో త. వాటి మధ్య ఆరు చాపాలు మిగులుతాయి. వాటిని సమూహం ష లాగా కదుపుతుంది. బిందువుల్లోంచి చాపాలను తీసేస్తే 2త − ష. ఇది వృత్తం యొక్క ఆయిలర్ సంఖ్య. అయితే మామూలు సంఖ్య కాదు, సమూహ క్రియను కూడా గుర్తుపెట్టుకున్న ఆయిలర్ సంఖ్య. 1 లోంచి దాన్ని తీసివేయండి. మన య వచ్చేసింది.

ఇది కాకతాళీయం కాదు. గ సమూహం ఒక వాస్తవ సదిశాంతరాళం మీద దూరాలు మారకుండా రేఖీయంగా క్రియ జరుపుతోందనుకోండి. మూలబిందువు నుంచి దూరం 1 ఉన్న గోళాన్ని తీసుకుని, దాని ఆయిలర్ సంఖ్యను ఇలాగే బ(గ) లో రాసి, 1 లోంచి తీసివేయండి. హ దగ్గర దాని మార్కు ఎంత? హ కదపని సదిశలు ఒక ఉపాంతరాళం. దాని మితి న అయితే, అందులోని గోళం ఆయిలర్ సంఖ్య న బేసి అయినప్పుడు 2 (రెండు బిందువులకైనా, మామూలు గోళానికైనా), సరి అయినప్పుడు 0 (వృత్తానికి ఆరు బిందువులు, ఆరు చాపాలు, తేడా సున్న). కాబట్టి మార్కు న బేసి అయితే −1, సరి అయితే 1. అన్నీ 1 లేదా −1 అయ్యాయి కనుక వచ్చింది యూనిట్. జర్మన్ గణితవేత్త టామ్మో టామ్ డీక్ పేరుతో ప్రసిద్ధమైన మార్గం ఇది.

మన 1 − ద కూడా ఇలాంటిదే. సరళరేఖ మీద అద్దాలు దిశ మార్చి, భ్రమణాలు ఏమీ చేయకపోతే, అక్కడి గోళం రెండే బిందువులు. అవి ద లాగా కదులుతాయి. అసలేమీ కదలని సరళరేఖ తీసుకుంటే 1 − 2 = −1. త్రిభుజ సమూహంలోని ఎనిమిది యూనిట్లూ ఈ మూడింటి లబ్ధాలే. సమూహ పరిమాణం 2 యొక్క ఘాతమైతే యూనిట్లన్నీ ఇలా గోళాల నుంచే వస్తాయని టోర్నెహావె 1984లో నిరూపించాడు. పరిమాణం ప్రధాన సంఖ్య ఘాతమైన సమూహాల యూనిట్ల పూర్తి వర్ణనను సెర్జ్ బూక్ 2007లో ప్రచురించాడు.

వినిమయ సమూహాలకు ఇంకా సులువైన సూత్రం ఉంది. సూచిక 2 ఉన్న ఉపసమూహాలు న ఉంటే యూనిట్ల సంఖ్య 2ను (న + 1) సార్లు గుణించగా వచ్చేది. 1982లో మత్సుదా ఇచ్చిన ఫలితమిది. దీన్ని వినిమయం కాని సమూహాలకు వాడకండి. త్రిభుజ సమూహానికి సూచిక 2 ఉన్న ఉపసమూహం ఒకటే. సూత్రం నాలుగు అంటుంది, ఉన్నవి ఎనిమిది.

7. బేసి పరిమాణం

ఇప్పుడు మొదట చెప్పిన పెద్ద ప్రశ్న. గ పరిమాణం బేసి సంఖ్య అయితే బ(గ) లో 1, −1 తప్ప వేరే యూనిట్లు ఉంటాయా?

ముందుగా ఒక ఉపసిద్ధాంతం. క లో హ అభిలంబ ఉపసమూహం, సూచిక ప్రధాన సంఖ్య ప అనుకోండి. ఏ గ-సమితికైనా హ దగ్గర మార్కుకూ క దగ్గర మార్కుకూ తేడా ప తో భాగించబడుతుంది. కారణం: హ కదపని బిందువుల మీద క/హ క్రియ జరుపుతుంది. క/హ లో ప మూలకాలే ఉన్నాయి కనుక కక్ష్య పరిమాణం 1 లేదా ప. ఒక్క బిందువు కక్ష్యలే క కదపని బిందువులు. మిగిలినవి ప చొప్పున గుంపులు. సమితులకు నిజమైనది వాటి తేడాలకూ నిజం, కాబట్టి బ(గ) లోని అన్ని మూలకాలకూ ఇది వర్తిస్తుంది.

య ఒక యూనిట్, ప బేసి అనుకోండి. రెండు మార్కుల తేడా 0, 2, −2 లలో ఒకటి, ప తో భాగించబడాలి. కాబట్టి తేడా 0. హ నుంచి క కి వెళ్లినా గుర్తు మారదు.

సమూహంలో పైనుంచి మొదలుపెట్టి, ప్రతి మెట్టులోనూ ముందరిదానిలో అభిలంబమై సూచిక ప్రధాన సంఖ్య అయ్యే ఉపసమూహాన్ని ఎంచుకుంటూ తత్సమం దాకా దిగగలిగితే ఆ సమూహాన్ని సాధనీయ సమూహం అంటారు. (ఐదో ఘాత సమీకరణానికి సూత్రం లేదన్న గాల్వా వాదనలో వచ్చే మాట ఇదే.) సాధనీయ సమూహపు ఉపసమూహాలన్నీ సాధనీయాలే. కాబట్టి గ బేసి పరిమాణం గల సాధనీయ సమూహమైతే, ఏ ఉపసమూహం హ నుంచైనా మెట్లు దిగుతూ తత్సమానికి చేరవచ్చు. ప్రతి మెట్టూ బేసి ప్రధాన సంఖ్యే, గుర్తు ఎక్కడా మారదు. మార్కులన్నీ ఒకటే. య = 1 లేదా −1.

సాధనీయం కాకపోతే? 1969లో ఆండ్రియాస్ డ్రెస్ ఒక అందమైన ఫలితం ప్రచురించాడు. తన వర్గానికి తానే సమానమైన మూలకాన్ని వర్గసమ మూలకం అందాం. ప్రతి వలయంలోనూ 0, 1 అలాంటివే. బ(గ) లో ఇవి తప్ప వేరే వర్గసమ మూలకాలు లేకపోవడం, గ సాధనీయం కావడం ఒకటేనని డ్రెస్ సిద్ధాంతం. గ సాధనీయం కాకపోతే కొత్త వర్గసమ మూలకం వ ఒకటి ఉంటుంది. అప్పుడు (1 − 2వ)² = 1 − 4వ + 4వ = 1. కాబట్టి 1 − 2వ ఒక యూనిట్. వ అనేది 0గానీ 1గానీ కాదు కనుక ఈ యూనిట్ 1గానీ −1గానీ కాదు.

రెండూ కలపండి. బేసి పరిమాణం గల సమూహం గ కి, బ(గ) లో యూనిట్లు 1, −1 మాత్రమే కావడం, గ సాధనీయం కావడం ఒకటే. ఈ సంబంధం టామ్ డీక్ 1979 పుస్తకంలో ఉంది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. బేసి పరిమాణం గల ప్రతి సమూహమూ సాధనీయమే అన్నది ఫైట్–థాంప్సన్ సిద్ధాంతం. 1963లో వాల్టర్ ఫైట్, జాన్ థాంప్సన్ పసిఫిక్ జర్నల్ ఆఫ్ మ్యాథమాటిక్స్‌లో దీన్ని నిరూపించారు. 255 పేజీల ఆ వ్యాసానికి పత్రిక ఒక సంచిక మొత్తం పట్టింది. పరిమిత సరళ సమూహాల వర్గీకరణకు తొలి పెద్ద అడుగు అదే. 2012లో జార్జ్ గాంటియే బృందం ఆ నిరూపణ అంతటినీ కాక్ అనే సాఫ్ట్‌వేర్‌తో కంప్యూటర్‌లో వాక్యం వాక్యం సరిచూసింది. మన భాషలో ఆ సిద్ధాంతం ఇంతే: బేసి పరిమాణం గల సమూహం బర్న్‌సైడ్ వలయంలో 1, −1 తప్ప యూనిట్లు లేవు.

వాక్యం ఇంత చిన్నదైతే నిరూపణా చిన్నదే కావాలని మీకు అనిపించవచ్చు. అనిపించడం సహజం, కానీ తొందరపడకండి. మనం చేసింది ప్రశ్నను మరో భాషలోకి మార్చడమే, దాని బరువు తగ్గించడం కాదు. సాధనీయం అని తెలిస్తే మెట్లు ఉంటాయి, అప్పుడు గుర్తు మారదని చెప్పడం సులువు. మెట్లు ఉన్నాయని చెప్పడానికే 255 పేజీలు. మరో విశేషం: బేసి పరిమాణం గల సంయుక్త సరళ సమూహాలు ఉండకపోవచ్చునన్న అనుమానాన్ని రాసినవాడు కూడా బర్న్‌సైడే, మార్కుల పట్టిక ఇచ్చిన ఆ 1911 పుస్తకంలోనే. ఆ రెండూ ఒకే ప్రశ్నకు రెండు వైపులని బయటపడటానికి ఇంకో అరవై ఏళ్లకు పైగా పట్టింది.

8. అరవై మూలకాల సమూహం

డ్రెస్ చెప్పిన వర్గసమ మూలకాన్ని కళ్లారా చూడకపోతే తృప్తి ఉండదు. సాధనీయం కాని సమూహాల్లో అన్నిటికన్నా చిన్నది ఐదు వస్తువుల సరి ప్రస్తారాల సమూహం. దాని పరిమాణం 60. ఇరవై త్రిభుజ ముఖాలున్న ఐకోసహెడ్రాన్ అనే ఘనాన్ని తిప్పే భ్రమణాల సమూహం కూడా ఇదే. 60 సరి సంఖ్య కనుక పై సిద్ధాంతం పరిధిలోకి ఇది రాదు. కానీ మెట్లు లేనప్పుడు ఏం జరుగుతుందో దీనిలో చూడవచ్చు.

కక్ష్యలను బిందువుల సంఖ్యతో పిలుద్దాం. స₅ అంటే ఆ ఐదు వస్తువులు. స₆ అంటే ఎదురెదురు శీర్షాలను కలిపే ఆరు అక్షాలు. స₁₀ అంటే ఎదురెదురు ముఖాల కేంద్రాలను కలిపే పది అక్షాలు. స₂₀ ముఖాలు, స₃₀ అంచులు, స₆₀ సమూహమే. ఇప్పుడు ఈ మూలకాన్ని చూడండి:

వ = 1 − స₅ − స₆ − స₁₀ + స₂₀ + 2స₃₀ − స₆₀

తత్సమం దగ్గర మార్కు: 1 − 5 − 6 − 10 + 20 + 60 − 60 = 0. అంచు మధ్యగా పోయే అక్షం చుట్టూ అరచుట్టు తిప్పితే ఐదు వస్తువుల్లో 1, శీర్షాక్షాల్లో 2, ముఖాక్షాల్లో 2, అంచుల్లో 2 కదలవు. ముఖాల్లో ఏదీ మిగలదు. మార్కు 1 − 1 − 2 − 2 + 0 + 4 = 0. ముఖం మధ్యగా మూడోవంతు చుట్టు తిప్పితే 1 − 2 − 0 − 1 + 2 = 0. శీర్షం చుట్టూ ఐదోవంతు తిప్పితే శీర్షాక్షం ఒక్కటే నిలుస్తుంది: 1 − 1 = 0. పూర్తి సమూహం దగ్గర మాత్రం 1. మిగిలిన నాలుగు రకాల ఉపసమూహాల దగ్గర కూడా సున్నే. మార్కులన్నీ 0 లేదా 1 కాబట్టి వ² = వ. ఈ గుణకాలు మంత్రంలా ఊడిపడినవి కావు. పూర్తి సమూహం దగ్గర 1, మిగతా చోట్ల 0 రావాలని పెట్టి, పెద్ద ఉపసమూహం నుంచి చిన్నదానికి దిగుతూ సమీకరణాలు సాధిస్తే వస్తాయి. ఆశ్చర్యమల్లా గుణకాలన్నీ పూర్ణాంకాలు కావడమే. త్రిభుజ సమూహానికి ఇదే పని చేస్తే భిన్నాలు వచ్చి ఆగిపోతారు.

యూనిట్ 1 − 2వ కి పూర్తి సమూహం దగ్గర మార్కు −1, మిగతా అన్నిచోట్లా 1. గత భాగంలో చూసిన గోళాల మార్గంలో ఈ యూనిట్ రాదు. ఈ సమూహం క్రియ జరిపే ఏ వాస్తవ సదిశాంతరాళమూ ఈ గుర్తులను ఇవ్వలేదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

(అ) ఐదు మూలకాల చక్రీయ సమూహానికి బర్న్‌సైడ్ వలయంలో యూనిట్లు ఎన్ని?

(ఆ) నాలుగు మూలకాల సమూహాలు రెండు రకాలు. చక్రీయమైనదానికి, చక్రీయం కానిదానికి యూనిట్ల సంఖ్యను మార్కులతోనే లెక్కించి, తర్వాత మత్సుదా సూత్రంతో పోల్చండి.

(ఇ) త్రిభుజ సమూహంలో పూర్తి సమూహం దగ్గర 1, మిగతా మూడు చోట్ల 0 మార్కులు వచ్చే మూలకాన్ని వెతకండి. ఎక్కడ భిన్నం అడ్డుపడుతుంది?

(ఈ) 8వ భాగంలోని వ కి, ఐదు వస్తువుల్లో ఒకదాన్ని కదపకుండా ఉంచే 12 మూలకాల ఉపసమూహం దగ్గర మార్కు లెక్కించండి.

సమాధానాలు: (అ) రెండు. (ఆ) చక్రీయమైనదానికి 4, రెండోదానికి 16. (ఇ) భ్రమణాల దగ్గర 1 + 2ఇ = 0 కావాలి, అంటే ఇ విలువ −1/2. (ఈ) ఆ ఉపసమూహం స₅ లో ఒక్క బిందువునే కదపదు, స₆ మొదలుకొని మిగతా వాటిలో దేన్నీ నిలవనివ్వదు; కాబట్టి మార్కు 1 − 1 = 0.